లైసియంలో రెండు ముఖాల సింహాలు

లండన్ వెళ్తున్నామనగానే మా అక్క కూతురు కోరింది ఒక్కటే, లయన్ కింగ్ సంగీత నాటకం చూడాలని. నాకు మాత్రం ససేమిరా ఇష్టం లేదు. పిల్లల కార్టూన్ సినిమాకి జంతువుల వేషాలు కట్టి చూపిస్తే అంత డబ్బు పెట్టాలా అనుకున్నాను. 1999 నుంచి లైసియం అనే ఒకే థియేటర్‌లో ఆడుతోందని అక్క చెప్తే, అదంతా టూరిస్టుల పుణ్యమేనని వాదించాను.

కింగ్స్ క్రాస్ దగ్గర దిగాం. గది బాగా ఇరుకు, పెట్టె తెరిస్తే కాలు పెట్టడానికి చోటుండదు. ఉన్నది మూడో అంతస్తులో, లిఫ్ట్ రెండు రోజులు పనిచేయలేదు, అడిగితే సరైన జవాబే లేదు. అయినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే ఉంటాను. హీత్రూ నుంచి పికడిల్లీ లైన్ రైలు నేరుగా అక్కడికి వస్తుంది. అదే లైన్‌లో మూడో స్టేషన్ కోవెంట్ గార్డెన్, అక్కడి నుంచి లైసియం థియేటర్‌కి నడిచిపోవచ్చు. ఒక్క మాట, ఆ స్టేషన్‌లో లిఫ్ట్ దగ్గర జనాన్ని చూసి మెట్లెక్కకండి. మొత్తం 193.

పైన గ్రాండ్ సర్కిల్‌లో చవగ్గా తీసుకుందామన్నాను. అక్క వినకుండా కింద స్టాల్స్‌లో నడవ పక్క సీట్లు బుక్ చేసింది. ఎంత మంచి పని చేసిందో!

దీపాలు ఆరాక, కథలో పెద్దదిక్కైన కోతి రఫీకి గొంతెత్తింది. జూలూ భాషలోని మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా ఒళ్లు జలదరించింది. పట్టుగుడ్డ పీలికల సూర్యుడు మెల్లగా లేచాడు. కాళ్లకీ చేతులకీ పొడుగు కర్రలు కట్టుకుని మనుషులే జిరాఫీలై నడిచొచ్చారు. ఏనుగైతే మా నడవలోంచే, నా మోచేతికి అంగుళాల దూరంలో వెళ్లింది. ఒక్కో కాలిలో ఒక్కో మనిషి.

దర్శకురాలు జూలీ టేమర్ ఏదీ దాచలేదు. సింహం ముసుగు నటుడి తలపైన ఉంటుంది, కింద అతని ముఖం మనకి కనిపిస్తూనే ఉంటుంది. తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్లు తెర వెనక ఉంటారు. ఇక్కడ బొమ్మా, ఆడించే మనిషీ ఇద్దరూ మన ఎదుటే. మొదట ఏది చూడాలో తెలీక కళ్లు తడబడ్డాయి, కాసేపటికి రెండూ ఒక్కటైపోయాయి. దుష్ట సింహం స్కార్ ముందుకి వంగినప్పుడు ముసుగు జారి అతని ముఖం మీదకి వస్తుంది, అంతవరకూ మనిషి, మరుక్షణం మృగం. కరువు చూపించడానికి నీలిగుడ్డ మడుగు కుంచించుకుపోతూ స్టేజి మధ్య కన్నంలోకి మాయమైంది. సింహరాజు ముఫాసా పోయాక ఆడసింహాలు కళ్లలోంచి తెల్లని రిబ్బన్లు లాగుతుంటే నాకు నిజంగానే కన్నీళ్లొచ్చాయి. వేషాలు అని తేలిగ్గా కొట్టిపారేసిన నా మాట పూర్తిగా తప్పు.

అన్నీ నచ్చాయని చెప్పను. రెండో సగంలో హాస్యం సాగింది, మోకాళ్లకి చోటు చాల్లేదు, విరామంలో ఆడవాళ్ల టాయిలెట్ క్యూలోనే సమయమంతా పోయింది. కానీ వెళ్లేవాళ్లు ఇంకెక్కడైనా పొదుపు చేసుకోండి గానీ, స్టాల్స్‌లో నడవ పక్క సీటు మాత్రం వదులుకోకండి. జంతువులు అక్కడి నుంచే వస్తాయి.

ఆట అయ్యాక వెల్లింగ్టన్ స్ట్రీట్ మీదుగా వాటర్లూ బ్రిడ్జికి నడిచాం. పాప రెండు చేతులూ తలమీద ముసుగులా పెట్టుకుని ముందు నడుస్తోంది.

"నా ముఖం కూడా కనిపిస్తోందా పిన్నీ?" అంది వెనక్కి తిరిగి.

"రెండూ కనిపిస్తున్నాయమ్మా" అన్నాను.