బూతు మాటకు గద్దింపా, మౌనమా?

హనుమకొండలో వీధి క్రికెట్ ఆడే పెద్ద పిల్లల నుంచి నాలుగేళ్ల వాడు బూతు పట్టుకొస్తాడు. అర్థం తెలియదు. అనగానే ఇంట్లో అందరూ తనవైపు తిరుగుతారని మాత్రం తెలుస్తుంది.

గద్దిస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది. "ఇంకోసారి అంటే నోట్లో కారం పెడతా" అని నాయనమ్మ బెదిరిస్తే మాట ఆగుతుంది, ఆమె ఎదుట మాత్రమే. నిజంగా కారం పెట్టేవాళ్లూ ఉన్నారు, అది హింసే. బడిలోనైతే కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది.

పట్టించుకోకపోవడం కష్టమైన పని. నవ్వకూడదు, ఉలిక్కిపడకూడదు. పైగా మొదట్లో ఆ మాట తగ్గకపోగా పెరుగుతుంది. పోయిన గమనింపు కోసం పిల్లవాడు ఇంకా గట్టిగా అంటాడు. అప్పుడే బాబాయి కిసుక్కున నవ్వాడా, కథ మళ్లీ మొదటికే!

ఐదేళ్లలోపు వారికి నా ఓటు మౌనానికే. దానితోపాటు "నాకు కోపం వచ్చింది, నా బంతి ఇవ్వు" అనడం నేర్పాలి. బడి ఈడు పిల్లలు ఎదుటివారిని తిడితే మాత్రం మౌనం చాలదు. పక్కకు పిలిచి, గొంతు పెంచకుండా, అది ఎందుకు నొప్పిస్తుందో చెప్పాలి. కాజీపేట చౌరస్తాలో బండి మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని ఆటోవాలాను తిట్టే నాన్నలకు ఈ రెండు పద్ధతులూ దండగే.