ఆఫీసుకి రోజూ ఒకే రకం బట్టలా, రోజుకో రకమా?

పొద్దున్నే బీరువా తలుపు తీసి నిలబడటం మీకు సరదానా, చిరాకా? ఆఫీసు బట్టల గురించి ఎవరైనా సలహా అడిగితే నేను ముందు అడిగేది ఇదే. సరదా అయితే రోజుకో రకం వేసుకోండి, చిరాకైతే ఒకే రకం కొనుక్కోండి. చాలామందికి ఇక్కడితో తేలిపోతుంది. తేలనిదల్లా కొన్నాళ్లు సరదా, కొన్నాళ్లు చిరాకు పడేవాళ్లకి. ముఖ్యంగా కొత్తగా ఉద్యోగంలో చేరి, తమ చాదస్తాలు ఆఫీసులో ఎంతవరకు చెల్లుతాయో ఇంకా అంతుపట్టనివాళ్లకి.

ఒకే రకం అంటే ఒక్క చొక్కానే రాత్రి ఉతికి పొద్దున వేసుకోమని అర్థం చేసుకోకండి. ఒకే రంగు, ఒకే గుడ్డ, ఒకే కొలతలో చొక్కాలో టాపులో ఆరేడు తెచ్చుకుని, వాటికి నప్పే ప్యాంట్లు రెండు మూడు పెట్టుకుని, వాటినే తిప్పుతూ వేసుకోవడం. ఎవరూ పెట్టమనకపోయినా మనకి మనమే యూనిఫాం పెట్టుకోవడం అన్నమాట.

మెదడు ఆదా సంగతి

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు వెంటనే ముగ్గురి పేర్లు తీస్తారు: ఆపిల్ స్థాపకుడు స్టీవ్ జాబ్స్, అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా, ఫేస్‌బుక్ స్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్. బట్టల గురించి ఆలోచన మానేస్తే ఆ బుర్ర పెద్ద పనులకి మిగులుతుందని వాదన. వినడానికి బాగుంటుంది కానీ ఆ ముగ్గురి కథలూ అంత సాఫీగా లేవు.

జాబ్స్ 1980లలో జపాన్ వెళ్లి సోనీ ఉద్యోగుల యూనిఫాం చూసి ముచ్చటపడ్డాడు. దాన్ని తయారుచేసిన డిజైనర్ ఇస్సే మియాకేతోనే ఆపిల్ సిబ్బందికీ ఒకటి చేయించాలనుకున్నాడు. సిబ్బంది హేళన చేసి కొట్టిపారేశారు. దాంతో తన ఒక్కడికే మియాకే చేత మెడని కప్పే నల్ల టర్టిల్‌నెక్ చొక్కాలు చేయించుకున్నాడు. అందులో సౌకర్యం ఉంది, తనకంటూ ఒక ముద్ర ఉండాలన్న కోరికా ఉంది. ఇక జుకర్‌బర్గ్ 2014లో, రోజూ బూడిద రంగు టీషర్టే ఎందుకని అడిగితే, నిర్ణయాలు తగ్గించుకోవడానికి అన్నాడు. అదే మనిషి 2009లో, ఈ సంవత్సరం సీరియస్‌గా పనిచేయాలి అని తనకీ సిబ్బందికీ గుర్తుండేలా ఏడాదంతా టై కట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. ఇద్దరి విషయంలోనూ బట్టలు ఎదుటివాళ్లతో ఏదో చెప్పడానికి పనికొచ్చాయి. ఒబామా సంగతి కిందొస్తుంది.

చిన్న చిన్న నిర్ణయాలతోనూ బుర్ర అలిసిపోతుందన్న ఈ వాదనకి నిర్ణయాల అలసట అని పేరు. దానికి పునాది, మనోబలం ఒక పని మీద ఖర్చయితే తర్వాతి పనికి తరిగిపోతుందన్న సిద్ధాంతం. 2016లో 23 ల్యాబులు కలిసి రెండు వేల మందికి పైగా మనుషుల మీద దాన్ని మళ్లీ పరీక్షించి చూస్తే ప్రభావం దాదాపు సున్నాకి దగ్గరగా తేలింది. కాబట్టి నీలం చొక్కాకీ తెల్ల చొక్కాకీ మధ్య తేల్చుకున్నందుకే మధ్యాహ్నం మీటింగులో బుర్ర పనిచేయలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. రాత్రి సరిగా నిద్రపోయారా అని అడుగుతాను.

అసలు లాభం ఉతుకు దగ్గర

ఒకే రకం బట్టల వల్ల నిజంగా మిగిలేది పొద్దుటి సమయం, ఆదివారపు చాకిరీ. దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, ఎందుకంటే ఇందులో గొప్ప ఏమీ లేదు. అన్నీ ఒకే రంగువైతే వాషింగ్ మెషీన్‌లో ఒకే విడత. రంగు దిగుతుందేమో, దీన్ని విడిగా వేయాలేమో అన్న గొడవ ఉండదు. అన్నీ ఒకే గుడ్డ అయితే ఇస్త్రీకి ఒకే వేడి. కాటన్‌కి ఇస్త్రీపెట్టె మీద మూడు చుక్కల గుర్తున్న వేడి, అంటే సుమారు 200 డిగ్రీలు కావాలి. పాలిస్టర్‌కి రెండు చుక్కలే, సుమారు 150. రకరకాల బట్టలున్నవాళ్లు ఇస్త్రీపెట్టె చల్లబడేదాకా ఆగాలి, ఆగకపోతే కొత్త చొక్కా మీద మెరుస్తున్న మరక మిగులుతుంది. సాక్సులు కూడా ఒకే రకం కొంటే జతలు వెతికే పనే లేదు. ఒక చొక్కా చిరిగితే దాని గుండీలు మిగతావాటికి పనికొస్తాయి.

లెక్క కూడా తేలిక. వారానికోసారి ఉతికేవాళ్లకి పనిరోజులు ఐదైతే చొక్కాలు ఐదు. కాఫీ ఒలికిన రోజుకి ఒకటి, ఉతకడం వాయిదా పడిన వారానికి ఒకటి. మొత్తం ఏడు. ఇవన్నీ ఒకేసారి కొనాలి. ఆర్నెల్ల తర్వాత అదే కంపెనీ, అదే రంగు అని కొన్నా అద్దకం విడతను బట్టి ఛాయ కాస్త మారుతుంది. పాతవి ఈలోగా వెలిసి ఉంటాయి కాబట్టి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రంగు ఎంపికలో చాలామంది తెలుపో నలుపో అనేస్తారు. నలుపు వెలిసిందంటే దాచలేం. తెలుపు చంకల దగ్గర పసుపు తిరుగుతుంది. దానికి చెమట ఒక్కటే కారణం కాదు, చెమట పట్టకుండా రాసుకునే వాటిలోని అల్యూమినియం లవణాలు చెమటతో కలవడం కూడా. లేత బూడిద రంగు మీద తడి కనిపించినంతగా మరే రంగు మీదా కనిపించదు, ఎంత జుకర్‌బర్గ్ వేసుకున్నా సరే. ముదురు నీలం అన్నిటికన్నా నమ్మకస్తురాలు.

నష్టాలూ ఉన్నాయి. అన్నీ కలిసి కొన్నవి అన్నీ కలిసే పాతబడతాయి, అన్ని కాలర్లూ ఒకే సీజన్లో పీచు లేస్తాయి. కాస్త ఒళ్లు చేస్తే బీరువా మొత్తం ఒక్కసారే బిగుతవుతుంది. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది: ఒకే రకానికి అలవాటు చేసిన మనిషి మారిన రోజు అందరి కళ్లూ అతని మీదే. ఒబామా 2012లో తను బూడిద రంగు, నీలం సూట్లే వేసుకుంటానని చెప్పాడు. 2014 ఆగస్టులో ఒకరోజు లేత గోధుమ రంగు సూటు వేసుకుని వస్తే అదే పెద్ద వార్తయి కూర్చుంది. మన స్థాయిలో జరిగేది కూడా ఇదే. రోజూ నీలం చొక్కాలో కనిపించే కుర్రాడు ఓ గురువారం కోటు వేసుకుని వస్తే, వేరే కంపెనీలో ఇంటర్వ్యూ ఉందని ఫ్లోరంతా ఇట్టే పసిగట్టేస్తుంది. రోజుకో రకం వేసుకునేవాళ్లు మాత్రం ఎంచక్కా ఇంటర్వ్యూకి వెళ్లి రావచ్చు.

ఎవరు చూస్తారు?

రోజుకో రకం వైపు ఉన్నవాళ్లని నడిపించేది సరదా ఒక్కటే అయితే బాగుండేది. చాలాసార్లు భయం: మొన్న మీటింగుకి వేసుకున్నదే మళ్లీ వేసుకుంటే ఏమనుకుంటారో అని. ఈ భయం మీద 2000లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. విద్యార్థుల చేత ఒక గాయకుడి బొమ్మ ఉన్న, వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టు వేయించి, మరికొందరు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మని గుర్తుపట్టి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గుర్తుపట్టింది నాలుగో వంతు మందే. ఎవరూ మనల్ని అంతగా చూడరు. అయితే ఇది రెండు వైపులా కోస్తుంది. పాత చొక్కాని ఎవరూ చూడకపోతే, అరగంట తంటాలు పడి కుదుర్చుకున్న కొత్త జతని కూడా ఎవరూ చూడరు. కాబట్టి రోజుకో రకం వేసుకునేవాళ్లు తమ సంతోషం కోసం వేసుకుంటేనే గిట్టుబాటు.

ఎవరూ చూడరనే మాట ఆడవాళ్ల విషయంలో అంత ధీమాగా చెప్పలేను. ఆస్ట్రేలియాలో టీవీ యాంకర్ కార్ల్ స్టెఫానోవిచ్ ఒకే నీలం సూటు దాదాపు ఏడాది పాటు వేసుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. ఒక్క ప్రేక్షకుడు కూడా అడగలేదు. పక్కన కూర్చునే మహిళా యాంకర్‌కి మాత్రం బట్టల మీద విమర్శలు వస్తూనే ఉండేవి. ఆ తేడా చూపించడానికే అలా చేశానని 2014లో బయటపెట్టాడు. ఒకే రకం పద్ధతిలో మగవాడికి అయ్యే ఖర్చు బట్టలదే. అమ్మాయికైతే దాంతోపాటు కొన్నాళ్లు ప్రశ్నలకి జవాబులు చెప్పే ఓపిక కూడా కావాలి. న్యూయార్క్‌లో ఒక యాడ్ ఏజెన్సీ ఆర్ట్ డైరెక్టర్ తెల్ల సిల్కు చొక్కా, నల్ల ప్యాంటూ రోజూ వేసుకుంటున్న సంగతి 2015లో రాసినప్పుడు, ఇదేమైనా పందెమా అని తోటివాళ్లు అడిగేవాళ్లని కూడా రాసింది. అయినా ఆమె మానలేదు.

చాదస్తాలకి చోటెక్కడ?

ఆ ఆర్ట్ డైరెక్టర్ తన యూనిఫాం మీద మెడ దగ్గర నల్ల తోలు పువ్వు ఒకటి పెట్టుకునేది, చిన్నప్పుడు జుట్టుకి రిబ్బన్లు కట్టిన తల్లి గుర్తుగా. నాకు నచ్చే మూడో దారి ఇదే: అడుగున అన్నీ ఒకటే, పైన ఒక్క చాదస్తం. బొమ్మల సాక్సులు కావచ్చు, కుడిచేతికి వాచీ కావచ్చు, మితిమీరిన పసుపు రంగు స్కార్ఫ్ కావచ్చు. రోజుకో రకం వేసుకునేవాళ్ల చాదస్తం గుంపులో కలిసిపోతుంది. ఒకే రకం వేసుకునేవాళ్లది చటుక్కున కనిపిస్తుంది, కొత్తవాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది కూడా దాంతోనే.

కంటికి కనిపించే చాదస్తం ఏదైనా ఆఫీసు భరిస్తుంది. ముక్కుకీ చెవికీ తగిలేదాన్ని భరించదు. ఘాటైన సెంటు, కిర్రుమనే బూట్లు, నడుముకి గలగలలాడే తాళంచెవుల గుత్తి పక్క సీటువాళ్లకి పెట్టే శిక్షలు.

ఇక సెంటిమెంట్ చొక్కా. ప్రెజెంటేషన్ ఉందంటే అదే వేసుకోవాలి, లేకపోతే టెన్షన్. ల్యాబుల్లో వేసుకునే తెల్లకోటు తొడుక్కుంటే ఏకాగ్రత పెరుగుతుందని 2012లో ఒక ప్రయోగం చెప్పింది కానీ, 2019లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకి ఆ ఫలితం రాలేదు. చొక్కా మహిమని నమ్ముకుని స్లైడ్లు చూసుకోకుండా వెళ్లకండి, అంతే. ఏడు చొక్కాలూ ఒకేలా ఉన్నవాళ్లకి ఏది అదృష్టానిదో ఎలా తెలుస్తుందంటారా? కాలర్ లోపల దారంతో ఒక్కోదానికి ఒక్కో గుర్తు కుట్టుకోవాలి. సెంటిమెంట్ లేనివాళ్లకి కూడా ఈ గుర్తు మేలు చేస్తుంది, పైనున్న రెండే అరిగిపోకుండా అన్నీ వంతులవారీగా బయటికొస్తాయి.

మరి ఎవరికి ఏది? చేరిన మొదటి నెలల్లో ఒకే రకం వద్దంటాను. మీకు ఏ కోత నప్పుతుందో, ఆ ఆఫీసు ఎంత పద్ధతిగా ఉంటుందో తెలియకుండా ఏడు కొంటే ఏడూ మూలపడతాయి. ఉన్నవాటినే మార్చి మార్చి వేసుకుంటూ, చెయ్యి తనంతట తానుగా దేని మీదకి వెళుతోందో చూసుకోండి. యూనిఫాం అక్కడ దొరుకుతుంది. బట్టలంటే నిజంగా ప్రాణం పెట్టేవాళ్లు ఈ పద్ధతి జోలికే రావద్దు. ఇంట్లోంచి పనిచేసేవాళ్లకి కెమెరాలో కనిపించేంత వరకు మూడు చొక్కాలు చాలు. మిగతావాళ్లందరికీ నా ఓటు కింద ఒకే రంగు ప్యాంట్లకీ, పైన రెండు రంగుల చొక్కాలకీ. ఏసీ చలికి కుర్చీకి తగిలించే స్వెటర్ కూడా వాటితో నప్పాలి, రోజులో సగం సేపు కనిపించేది అదే కదా.

బూట్ల విషయంలో మాత్రం ఏ పద్ధతివాళ్లకైనా ఒకటే మాట: రెండు జతలు, రోజు విడిచి రోజు. తోలు పీల్చుకున్న చెమట ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, తడి మీదే మళ్లీ తొడిగితే జత తొందరగా పాడవుతుంది. రెండూ ఒకేలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు.