పైకప్పు కారిన పాత మోటార్‌హోమ్ కొనొచ్చా?

ఫోర్స్ ట్రావెలర్ వ్యాను మీద కట్టించిన పాత క్యాంపర్ మాది, అంటే పడకా వంటగదీ ఉన్న మోటార్‌హోమ్. పైన కారుతోందని తెలిసే కొన్నాం. తిరుపతి ఎండలకూ వానలకూ చాలాకాలం వాడిన మీదట రాస్తున్నాం. ఇంజనుతో పేచీ లేదు, చాకిరీ అంతా చెమ్మతోనే. ఇలాంటి బండి చూస్తున్నవాళ్లు ధర మాట ఎత్తకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: నీళ్లు పైనుంచి దిగాయా, కింద నుంచి ఎక్కాయా?

కింద నుంచి ఎక్కాయంటే వరదలో నిలబడ్డ బండి. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులే మునిగాయి. సీటు బెల్టు చివరంటా లాగి ఒండ్రు ఉందేమో చూడండి. సీటు పట్టాల తుప్పు, మ్యాటు కింద వైరు జాయింట్లకు పట్టిన చిలుము చూడండి. ఆ చిలుము నెలల తర్వాత ఒక్కో లైటునూ ఒక్కో సెన్సారునూ చంపుతుంది. ఎంత చవకైనా వద్దు.

పైనుంచైతే బేరానికి చోటుంది. మామూలుగా రేకు కారదు, దాన్ని కోసిన చోట కారుతుంది: ఏసీ కోసం కోసిన 14 అంగుళాల చదరం, వెంటిలేటరు, సోలార్ ప్యానెల్ స్క్రూలు, కేబుల్ దిగిన రంధ్రం. మరక ఉన్నచోటే రంధ్రం వెతక్కండి. నీరు పైకప్పు లోపలి ఇనుప పట్టీల వెంట జారి, బండి ఏ వాలున ఆగితే ఆ మూలన దిగుతుంది.

ఏప్రిల్‌లో చూడ్డానికి వెళ్లకండి, మన ఎండలకు కుళ్లిన ప్లైవుడ్డూ గలగలలాడుతుంది. అక్టోబరు, డిసెంబరు మధ్య వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. కుదరకుంటే పైపుతో నీళ్లు పట్టండి, కింది అంచు నుంచి పైకి, ఒక్కో భాగానికి 15-20 నిమిషాలు. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, అది నీటిని మంచి సీలును (అంచుల్ని మూసే జిగురు పూత) కూడా దాటించేస్తుంది. తేమ మీటరు పిన్నులు సన్‌మైకా మీద కాదు, ప్లైవుడ్ కోసిన అంచున గుచ్చాలి. 15 శాతం లోపు పర్వాలేదు, 20 దాటితే విప్పాల్సిందే.

అమ్మేవాళ్లు చాలామంది పాత సీలు మీదే సిలికాన్ పూసి చూపిస్తారు. సిలికాన్ మీద ఏదీ అంటదు. మొత్తం గీకేసి, ఫ్లాంజి (అమర్చిన సామాను చుట్టూ ఉండే అంచు) కింద మెత్తటి జిగురు పట్టీ అయిన బ్యూటైల్ టేపు, అంచులకు పాలీయురెథేన్ సీలెంట్ వేయించాలి. వేడి ఆపడానికి నింపిన గ్లాస్‌వూల్ (గాజు దూది) తడిస్తే లోపల ఆరదు, తీసి పారేయాల్సిందే. పట్టీల తుప్పు గీకి జింక్ ప్రైమరు కొట్టించండి. కొత్త ప్లైవుడ్ ఐఎస్ 710 మార్కు ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) రకమే తీసుకోండి. మీటరు 15 శాతానికి దిగకుండా లోపలి ప్లైవుడ్ ప్యానెల్ మూయనివ్వకండి, తొందరపడే మేస్త్రీ దగ్గర ఇదే చెడుతుంది.

చెమ్మ ఏసీ చుట్టూ ఒకటి రెండు ప్యానెళ్లకే ఉంటే, రిపేరు ఖర్చు ధరలో తగ్గించుకుని కొనండి. సింకు దగ్గరో చక్రాల మీదో నేల మడమ కింద మెత్తగా దిగితే వదిలేయండి, దాన్ని మార్చాలంటే అల్మారాలన్నీ ఊడదీయాలి. క్యాంపర్‌గా మార్చేటప్పుడు బండికి చేసిన మార్పులు ఆర్సీలో ఎక్కాయో లేదో చూడండి, లేకుంటే బీమా క్లెయిము చిక్కులో పడుతుంది.

తిరుపతి-మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లాంటి మలుపుల్లో బాడీ మెలితిరిగి సీళ్లు విడుస్తాయి. అందుకే కొన్నాక కూడా ఏటా సెప్టెంబరులో నిచ్చెన వేసుకుని పైకెక్కి ప్రతి అంచూ వేలితో నొక్కి చూడండి.