స్టార్టప్ ఫైళ్లు సర్దిపెడతామనే టూల్ కొనేముందు ఇది చదవండి (ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు)

"మీ ఆర్‌సీ.కాన్ఫ్ గందరగోళంగా ఉందా? ఒక్క క్లిక్‌తో సర్దేస్తాం" అంటూ డబ్బులు తీసుకుని అమ్ముతున్న టూల్ ఒకటి కొన్నాను. (ఆర్‌సీ.కాన్ఫ్ అంటే సిస్టమ్ లేచేటప్పుడు ఏ సర్వీసులు, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములు, మొదలవ్వాలో రాసుకునే ఫైలు.) సర్వర్‌లోకి లాగిన్ అవ్వడమే పోయింది. పేరు రాయడం లేదు, అది చేసే పని చెబితే ఇలాంటివి ఏవి కనబడినా మీరే గుర్తుపడతారు.

ఆర్‌సీ.కాన్ఫ్‌లోని లైన్లన్నీ తీసి, ఆర్‌సీ.కాన్ఫ్.డీ డైరెక్టరీలో 'సెక్యూరిటీ', 'వెబ్', 'స్టోరేజ్' అని తనకు తోచిన పేర్లతో ఫైళ్లు పెట్టి వాటిలోకి పంచేస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ డైరెక్టరీలో ఫైలుకి ఏ సర్వీసు పేరు ఉంటే ఆ సర్వీసు స్క్రిప్టే దాన్ని చదువుతుంది, అంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వనిచ్చే సర్వీసు) ఆన్ చేసే లైను 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ' అనే ఫైల్లో ఉండాలి, లేదా ఎప్పట్లా ఆర్‌సీ.కాన్ఫ్‌లోనే ఉండాలి. 'సెక్యూరిటీ' అనే ఫైలుని తెరిచే నాథుడే లేడు. దారుణం ఏంటంటే ఎర్రర్ కూడా రాదు! అప్పటికే నడుస్తున్న సర్వీసులు నడుస్తూనే ఉంటాయి కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది, రీబూట్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్‌డీ లేవదు, పీఎఫ్ ఫైర్‌వాల్ కూడా లేవదు. కన్సోల్ (నెట్‌వర్క్ లాగిన్ లేకుండా నేరుగా సర్వర్‌ని నడిపే స్క్రీన్, కీబోర్డు) ఉంది కాబట్టి బయటపడ్డాను, అది లేనివాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

కంప్లైంట్ చేస్తే కొత్త వెర్షన్ పంపారు. ఈసారి పేర్లు సరిగ్గానే ఉన్నాయి, ఒక్కో సర్వీసుకి ఒక్కో డైరెక్టరీ చేశారు, కానీ పాత కాపీని చివర '.బ్యాక్' తగిలించి అక్కడే వదిలేశారు. ఆ డైరెక్టరీలో ఏ ఫైలున్నా సిస్టమ్ వరసగా చదివేస్తుంది, అది బ్యాకప్పా కాదా అని చూడదు. అసలు ఫైలు తర్వాత బ్యాకప్ వస్తుంది, చివర చదివిందే చెల్లుతుంది. నేను ఆప్షన్ మారుస్తాను, సర్వీసు మాత్రం పాతదాంతోనే లేస్తుంది. దీన్ని పట్టుకోవడానికే ఎక్కువ టైం పోయింది.

ఇంకోటి, డీఫాల్ట్స్ డైరెక్టరీలో ఉండే ఆర్‌సీ.కాన్ఫ్‌ని కూడా కెలికింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, అప్‌గ్రేడ్‌లో తిరగరాసేస్తారు.

డబ్బులు వెనక్కి అడిగితే "మీ సిస్టమ్‌లో ముందే తప్పులున్నాయి" అన్నారు, డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ లేదన్నారు.

ఇప్పటికే కొని ఉంటే రీబూట్ మాత్రం చేయకండి. 'సర్వీస్' కమాండ్‌కి '-ఈ' ఆప్షన్ ఇస్తే ఆన్‌లో పెట్టిన సర్వీసుల లిస్టు వస్తుంది, అందులో ఎస్‌ఎస్‌హెచ్‌డీ, పీఎఫ్ కనబడకపోతే పాత ఆర్‌సీ.కాన్ఫ్‌ని తిరిగి పెట్టేయండి. 'ఎస్‌హెచ్ -ఎన్' తో చెక్ చేశాం, తప్పు రాలేదు అని వాళ్లు చెబితే నమ్మకండి, అది సింటాక్స్ (రాసిన తీరు సరిగ్గా ఉందా అని) ఒక్కటే చూస్తుంది. కొనాలనుకునేవాళ్లు డ్రై రన్ (నిజంగా ఏదీ మార్చకుండా ఏం చేస్తుందో చూపించడం) ఉందా, బ్యాకప్ ఎక్కడ పెడుతుంది అని ముందే రాతపూర్వకంగా అడగండి. నేను రెండోది అడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు.