దిండి, మండువా లోగిలి, రాజమండ్రి హోటలు: చూపు లేనివారికి, వీల్‌చైర్‌లో తిరిగేవారికి ఏది మేలు?

మా ఇంట్లో ఎక్కడికైనా ప్రయాణం అనుకుంటే ముందు ఇద్దరి సంగతి చూసుకోవాలి. మా బాబాయికి ముప్పై ఏళ్లుగా చూపు లేదు. మా అత్తయ్య పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నారు. గడిచిన కొన్ని శీతాకాలాల్లో ఈ ఇద్దరితో కలిసి గోదావరి జిల్లాల్లో మూడు రకాల బసలు చూశాము: గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున దిండిలో కాటేజీతో పాటు హౌస్‌బోటు, కోనసీమ పల్లెలో బంధువుల మండువా లోగిలి, రాజమండ్రి నడిబొడ్డున లిఫ్టు ఉన్న మామూలు హోటలు. “దివ్యాంగులకు అనువైన బస” అని ఒకే మాటతో చెప్పేదానిలో ఒకదానికొకటి పొసగని రెండు అవసరాలు ఉన్నాయని, ఒకరికి సుఖమైన చోటు రెండోవారికి చెర కావచ్చునని ఈ మూడూ చూశాకే మాకు అర్థమైంది.

అత్తయ్య ఇబ్బంది అంతా అంగుళాల లెక్క. ఆవిడ కుర్చీ వెడల్పు 25 అంగుళాలు. తలుపు తీశాక మిగిలే ఖాళీ అంతకంటే నాలుగైదు అంగుళాలైనా ఎక్కువ లేకపోతే చక్రం తిప్పే చేతుల కణుపులు గుమ్మానికి గీసుకుంటాయి. ర్యాంపు ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. బాబాయి ఇబ్బంది వేరు. ఆయన మెట్లు మనకంటే నిబ్బరంగా ఎక్కుతారు. ఆయనకు కావలసింది వస్తువులు పెట్టినచోటనే ఉండడం, గది ఆకారం మనసులో నిలవడం, చెవికీ చేతికీ పాదానికీ ఏదో ఒక ఆనవాలు దొరకడం. విశాలమైన నున్నటి పాలరాతి హాలు అత్తయ్యకు స్వర్గం, బాబాయికి దిక్కు తోచని ఎడారి.

ముందుగా దిండి గురించి చెబుతాను. రైలులో వచ్చేవారికి పాలకొల్లు, నర్సాపురం స్టేషన్లు దగ్గర. అక్కడి నుంచి చించినాడ వంతెన దాటితే దిండి. నేనైతే నర్సాపురం వరకే టికెట్టు తీసుకుంటాను. అది చివరి స్టేషను కాబట్టి రైలు కదిలిపోతుందన్న కంగారు లేకుండా, అందరూ దిగాక, కుర్చీ మడత విప్పుకుని తాపీగా దిగవచ్చు. దారిలో రెండు నిమిషాలు ఆగే స్టేషన్లలో అత్తయ్యను దింపడమంటే మాకు ఎప్పుడూ గుండెదడే. పూర్తిగా చూపు లేనివారికి, తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులకు రైల్వేవారు స్లీపరు, థర్డ్ ఏసీ తరగతుల్లో నూటికి 75 వంతుల రాయితీ ఇస్తారనీ, వెంట వచ్చే ఒకరికి కూడా అది వర్తిస్తుందనీ చాలామందికి తెలియదు.

దిండిలో కింది అంతస్తు గది దొరికితే అత్తయ్యకు సగం పని అయినట్టే. గది ముందు నుంచే కొబ్బరిచెట్ల నీడ, ఎదురుగా నది. కుర్చీలో కూర్చుని ఎవరి సాయమూ లేకుండా గంటలు గడిపారు. చిక్కంతా హౌస్‌బోటు దగ్గర వచ్చింది. సముద్రం దగ్గర కావడం వల్ల అక్కడ వసిష్ఠకు పోటూ పాటూ ఉంటాయి. ఉదయం మేము చూసినప్పుడు రేవు గట్టూ పడవ అంచూ ఇంచుమించు సమంగా ఉన్నాయి. సామాను సర్దుకుని వచ్చేసరికి నీరు తీసి పడవ జానెడు పైగా దిగిపోయింది, మధ్యలో వేసిన బల్ల ఏటవాలు తిరిగింది. ఇద్దరు కుర్రవాళ్లు అత్తయ్యను కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. వాళ్ల మనసు మంచిదే, కాని ఆవిడ పడవ దిగేవరకు మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. లోపల గదుల మధ్య నడవలోకి కుర్చీ పట్టలేదు, స్నానాల గది గడప దాటలేదు. కనుక వీల్‌చైర్‌వారికి హౌస్‌బోటులో రాత్రి బస నేను చెప్పను. నీరు నిండుగా ఉండే వేళ ఎప్పుడో పడవవాళ్లనే అడిగి, ఆ వేళకు ఎక్కి, గంటసేపు తిరిగి రావడం మేలు.

బాబాయికి అదే పడవ ఎంతో నచ్చింది. ఇరుకుగా ఉండడమే ఆయనకు అనుకూలమైంది: ఏ గోడ అయినా చెయ్యి చాస్తే అందుతుంది, అరగంటలో పడవ మొత్తం కంఠస్థం అయింది. ఒకవైపు తెరచి ఉన్న ముందు భాగంలో మాత్రం రెయిలింగు ఎక్కడ ఆగిపోతుందో ఆయన చేతిని పట్టి చూపించాము, లైఫ్ జాకెట్టు వేసుకున్నాకే అక్కడికి వెళ్లనిచ్చాము. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తరువాత ఈ విషయంలో మొహమాటపడే వీలు మాకెవరికీ లేదు. పాపికొండల యాత్రను ఈ పోలికలో చేర్చకపోవడానికి కారణం వేరు: అది పగలంతా సాగే ప్రయాణం, పడవ మరుగుదొడ్డి అత్తయ్యకు పనికిరాదు, అంతటితో ఆ సంగతి సరి.

ఇక మండువా లోగిలి. చూపు లేనివారికి ఇంతకంటే తెలివైన ఇల్లు ఎవరూ కట్టలేదని బాబాయి అభిప్రాయం, నాదీ అదే. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ నాలుగు వసారాలు. ఎక్కడ నిలబడినా గాలీ వెలుతురు తాలూకు వేడీ చప్పుడూ మండువా ఏ వైపున ఉందో చెబుతాయి, స్తంభాలు వరుసగా చేతికి తగులుతాయి. రెండో రోజుకల్లా ఆయన తెల్ల చేతికర్రను తలుపు వెనక ఆనించి వదిలేశారు. పెరట్లో మాత్రం మళ్లీ అవసరమైంది. కొబ్బరితోటలో వరుసల మధ్య బోదెలు, వాటి మీద దాటడానికి పడేసిన దుంగలు, రాలిన మట్టలు ఉంటాయి. ఎవరి భుజమో పట్టుకోకుండా చూపు లేనివారు అక్కడ తిరగకూడదు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటికి తీసుకెళ్లింది కూడా ఆ బస నుంచే. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను లాగినప్పుడు సన్నని సుయ్యిమనే చప్పుడు వస్తుంది, మరుక్షణం రేకు లేస్తుంది. రేకులు తీస్తున్నావిడ బాబాయి మణికట్టు పట్టుకుని, కుండకు బెత్తెడు పైన చెయ్యి ఆపి, ఆ వేడి గుండ్రంగా ఎంత మేర ఉందో చూపింది. తరువాత ఒక రేకు అరచేతిలో పెట్టింది. “పెట్టావా అమ్మా?” అని ఆయన అడిగారు, అంత తేలిక. వేళ్లు ముడవగానే పొడి అయిపోయింది. కళ్లున్న మేమంతా ఫొటోలు తీసుకుంటూ ఆ బరువు లేనితనాన్ని గమనించనే లేదు.

అదే లోగిలిలో అత్తయ్య మూడు రోజులు వీధి వసారా దాటలేదు. అరుగు ఎక్కడానికి నాలుగు మెట్లు, ప్రతి గుమ్మానికీ జానెడు గడప, పెరటి చివర నేల మీద కూర్చునే మరుగుదొడ్డి. గడపకు పసుపు రాసిన ఇంట్లో దాన్ని కోయించమని ఎవరిని అడుగుతాం? వచ్చేవాళ్లంతా ఆవిడ దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పారు గాని, రాత్రి ఆవిడ నీళ్లు తాగడం మానేసి పడుకునేవారని నాకు తరువాత తెలిసింది.

రాజమండ్రి హోటలు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, దాని గొప్పతనమూ అదే. లిఫ్టు, సమతలంగా ఉన్న నేల, కమోడు, పిలిస్తే వచ్చే డాక్టరు. నది గదిలోకి రాదు, మనమే కారులో వెళ్లాలి. కారు దిగకుండానే తనివితీరే చోటు ధవళేశ్వరం బ్యారేజీ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ముగించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీ నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలతో ఉంటుంది. గేట్లు ఎత్తిన రోజుల్లో అద్దాలు దించి నెమ్మదిగా వెళితే నీటి హోరు ఒక్కసారిగా ఆగి, లంక దాటాక మళ్లీ అందుకుంటుంది. బాబాయి ఆ లెక్కతోనే ఎక్కడున్నామో చెప్పారు. కడియం నర్సరీల్లో మరువం, దవనం, సంపెంగ ఆయన్ని కదలనివ్వలేదు. దారికి అడ్డంగా పడి ఉండే నీటి గొట్టాలు, తడి మట్టి మాత్రం ఇద్దరికీ శత్రువులే. కోరింగ మడ అడవుల చెక్కబాటకు వెళ్లేవారు పలకల మధ్య సందుల్లో కుర్చీ ముందు చిన్న చక్రాలు ఇరుక్కుంటాయేమో ముందే చూసుకోవాలి.

ఎక్కడ దిగినా ఫోనులో చెప్పిన మాట నమ్మకూడదని ఒకసారి బాగా తెలిసొచ్చింది. కోనసీమలోని ఒక విడిదిలో “ర్యాంపు ఉందండీ” అన్నారు. వెళ్లి చూస్తే అది సామాను బండి కోసం వేసిన సిమెంటు వాలు. పైన తలుపు దగ్గర మూడు అంగుళాల గట్టు. బాబాయి గది తాళానికి కార్డు ఇచ్చారు, ఏ వైపు పెట్టాలో చేతికి తెలిసే గుర్తు దానిమీద లేదు. కార్డు మూలకు రబ్బరు బ్యాండు చుట్టుకుని ఆయనే సర్దుకున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వినియోగించే ప్రైవేటు భవనాలకూ వర్తిస్తుంది. సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా కాక తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. ఆ తీర్పు మా రేవుల దాకా ఇంకా రాలేదు.

కాబట్టి నా లెక్క ఇది. వీల్‌చైర్‌వారు ఉంటే బస రాజమండ్రిలో, తిరుగుడు కారులో. చూపు లేనివారు, తోడు ఒకరుంటే, పల్లెలోని లోగిలికే వెళ్లాలి. హోటల్లో పడుకుంటే కోనసీమకు వచ్చిన ఫలం దక్కదు. ఇద్దరూ కలిసి వెళ్లాలంటే దిండిలో కింది గదే మధ్యేమార్గం, అది ఏ ఒక్కరికీ అన్నిటికన్నా మంచిది కాకపోయినా. వరదలుండే జూలై నుంచి సెప్టెంబరు వరకు, జనం కిటకిటలాడే సంక్రాంతి వారం ఏ బసా వద్దు.

ఈ మార్గశిరానికి దిండిలో రెండు గదులు అడిగాము. ర్యాంపు ఉందా అని అడగలేదు. స్నానాల గది తలుపు తీసి, అడ్డంగా టేపు పట్టి ఫొటో పంపమన్నాను. అంతా విని ఫోనులో ఉన్నతను నవ్వాడు కాని పంపాడు. టేపు మీద 31 కనిపించింది, అడ్వాన్సు కట్టాను.