బెల్లం ఆవకాయకు పింగాణీ జాడీ: కొనేముందు చూడాల్సినవి

మామూలు ఆవకాయ ఏ జాడీలో పెట్టినా ఊరుతుంది. జాడీ అసలు రంగు బయటపడేది బెల్లం ఆవకాయ పెట్టినప్పుడే. ఉప్పు, పులుపుతో పాటు పాకంలాంటి ఊట కూడా చేరుతుంది కాబట్టి, పూతలో వెంట్రుకవాసి పగులున్నా దాగదు. పైభాగం గోధుమ రంగులో, కిందిభాగం తెల్లగా ఉండే పింగాణీ జాడీ గురించే ఇదంతా. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో చేసిన సరుకు మన ఊళ్లలోనూ దొరుకుతుంది.

ముందు సైజు. కొట్టులో 'రెండు కిలోల జాడీ' అంటే దేని కిలోలో అడగండి. కిలో టెంక ముక్కలకు కారం, ఆవపిండి, దంచిన కల్లుప్పు 125 గ్రాముల చొప్పున, బెల్లం 300, నువ్వుల నూనె 250 గ్రాములు, చెంచాడు మెంతులు వేస్తే మొత్తం దగ్గర దగ్గర 1.9 కిలోలు తూగుతుంది. ముక్కల మధ్య ఖాళీలు కూడా కలుపుకుంటే రెండు లీటర్ల జాడీ మెడ దాకా వస్తుంది, తెడ్డు తిప్పే చోటుండదు. ఉప్పు తగ్గినా, బెల్లంలో చెమ్మ ఉన్నా పచ్చడి పులిసి పొంగుతుంది, అంచు దాటి కారుతుంది. కిలో ముక్కలకు మూడు లీటర్లది తీసుకోండి, ముప్పాతిక వంతు మించి నింపకండి. (ఉప్పును తూకం వేసుకోవడమే మేలు. గిన్నెడు కల్లుప్పు, గిన్నెడు మెత్తటుప్పు ఒకే బరువుండవు.)

తర్వాత మూతి. బెల్లం ఆవకాయను కలిపి వదిలేస్తే సరిపోదు. మూడో రోజు ముక్కల్ని ఊటలోంచి తీసి పళ్లేల్లో ఎండబెట్టాలి. ఊటను కూడా వెడల్పు పళ్లెంలో పోసి చిక్కబడేదాకా ఎండలో ఉంచాలి. ఆ తర్వాతే రెండూ కలిపి నూనె పోసి మళ్లీ జాడీకి ఎత్తాలి. అంటే ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపాల్సిందే. మణికట్టు దాకా చెయ్యి సులువుగా దూరనిది, ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. మెడ దగ్గర లోపలివైపు ఒంపు తిరిగిన రకంలో ఊట ఆ మూల అంటుకుపోతుంది. అక్కడే బూజు పుడుతుంది.

పూత పరీక్ష కొట్లోనే మొదలవుతుంది. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో పగులున్నట్టే. ఇంటికి తెచ్చాక చిక్కటి పసుపు నీళ్లు పోసి రాత్రంతా ఉంచి కడగండి. లోపల సాలెగూడులా పసుపు గీతలు మిగిలితే వాపసు ఇచ్చేయండి. అలాంటి జాడీలో ఉప్పు గోడలోంచి బయటికి ఊరి, వెలుపల తెల్లటి పొడిలా పేరుకుంటుంది. లోపలివైపు రంగులద్దిన అలంకారపు జాడీలు అసలు వద్దు. పూతలో సీసం ఉంటే మామిడి పులుపుకి అది పచ్చడిలోకి దిగుతుంది.

ఈ జాడీల బలహీనత మూత. మూత అంచుకు, జాడీ అడుగున వలయానికి చాలావాటిలో పూత ఉండదు. అది నీళ్లు పీల్చుకుంటుంది. జాడీ తుడిస్తే ఆరిపోతుంది గానీ మూతకు ఒక పూర్తి ఎండ చాలదు, రెండు కావాలి. కడిగిన రోజే పచ్చడి పెట్టేస్తే తెల్లటి బూజు మొదట మూత కిందే కనిపిస్తుంది, నింద మాత్రం మామిడికాయ మీద పడుతుంది. చీమలు రాకుండా నీళ్ల పళ్లెంలో పెట్టే అలవాటుంటే, జాడీ కింద చిన్న పీట వేసి అడుగు తడవకుండా చూసుకోండి. మొదటి మూడు రోజులూ మూత బిగించకుండా పలచటి పొడిగుడ్డతో వాసెన కట్టడం మంచిది. చల్లటి జాడీలో సలసల కాగే నీళ్లు పోస్తే పగులుతుంది. గోరువెచ్చటివి చాలు.

గాజు సీసాలో బూజు ముందే కంటపడుతుంది, అదొక్కటే దాని పైచేయి. వెలుతురుకు కారం రంగు వెలిసిపోతుంది, రేకు మూతయితే ఉప్పుకు తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బా ఆవ ఘాటునీ కారం ఎరుపునీ పీల్చుకుని ఇక వదలదు. స్టీలులో నెలల తరబడి నిలవ ఉంచితే ఉప్పూ పులుపూ కలిసి చిన్న చిన్న గుంటలు తినేస్తాయి.

మంచి పూత ఉన్న మూడు లీటర్ల జాడీకి ఐదుకు నాలుగు మార్కులు. తగ్గిన ఆ ఒక్కటీ మూతకే. అర కిలో ముక్కలతో సరిపెట్టుకునే ఇంటికి మాత్రం ఇంత బరువు అనవసరం. లీటరున్నర గాజు సీసా కొని, చీకటి అలమరలో పెట్టుకోండి.