ఆలివ్‌లా, టమాటా జ్యూసా? బీపీ ఉన్నవాళ్లకు ఏది మేలు?

పోయిన ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి వాళ్లింటికి వెళ్లాను. టేబుల్ మీద ఒక సీసా నిండా ఉప్పునీళ్లలో నల్ల ఆలివ్‌లు, పక్కనే టమాటా జ్యూస్ ప్యాకెట్. "గుండెకు మంచిదని చెల్లి ఇవి పంపింది. బీపీకి మంచిదని పక్కింటాయన అది తాగమన్నాడు. రెంటిలో ఏది మేలమ్మాయ్?" అన్నాడు బాబాయి. ఆయనకు పదేళ్లుగా బీపీ.

రెండూ పండ్లే అయినా వీటి తీరు వేరు. ఆలివ్ కొవ్వు పండు, టమాటా నీళ్ల పండు. 100 గ్రాముల నల్ల ఆలివ్‌లలో దాదాపు 115 క్యాలరీలు, 11 గ్రాముల కొవ్వు ఉంటాయి. అంతే టమాటా జ్యూస్‌లో 17 క్యాలరీలు, కొవ్వు దాదాపు సున్నా. ఆలివ్ కొవ్వుకి భయపడక్కర్లేదు. అందులో నాలుగింట మూడు వంతులు ఒలేయిక్ ఆమ్లమే, అది గుండెకు మేలు చేసే రకం. మన వేరుశెనగ నూనెలోనూ అది సగం దాకా ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క దాని కోసం ఖరీదైన సీసా కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. పీచు, విటమిన్ ఇ మాత్రం జ్యూస్‌లో కంటే ఆలివ్‌లోనే ఎక్కువ.

అసలు చిక్కు ఉప్పుతో. చెట్టు మీది ఆలివ్ నోట్లో పెట్టుకోలేనంత చేదు. ఓల్యూరోపిన్ అనే పదార్థం వల్ల ఆ చేదు. అది పోవడానికే రోజుల తరబడి ఉప్పునీళ్లలోనో క్షారంలోనో నానబెడతారు. అంటే సీసాలో ఉన్నది పండు అనుకుంటాం గానీ, ఒక రకంగా అది ఊరగాయే. 100 గ్రాముల నల్లవాటిలో 700 మిల్లీగ్రాముల పైన సోడియం (ఉప్పులో ఉండి బీపీని పెంచేది ఇదే), పచ్చవాటిలో 1,500 దాకా ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం గోంగూర, ఆవకాయ, పెరుగన్నంలో ఊరమిరపకాయ తినే ఇంట్లో ఇంకో ఉప్పు సీసాకి చోటెక్కడిది?

టమాటా జ్యూస్ ఇక్కడే గెలుస్తుంది. ఉప్పు వేయని జ్యూస్‌లో 100 గ్రాములకు సోడియం 10 మిల్లీగ్రాములే, పొటాషియం 200 పైన. సోడియం వల్ల బీపీ పెరగకుండా చూడటంలో పొటాషియం సాయపడుతుంది. డబ్బాలో నిలవ ఉంచిన నల్ల ఆలివ్‌లలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. కానీ కొన్న ప్యాకెట్లలో చాలావాటికి ఉప్పు వేసే ఉంటుంది. బాబాయి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఉప్పు, చక్కెర రెండూ కనిపించాయి. దాన్ని పక్కన పెట్టించాను.

పండిన టమాటాలు నాలుగు ఉడికించి, మిక్సీ పట్టి, వడకట్టకుండా ఇచ్చాను. వడకడితే పీచు పోతుంది. ఉడికిస్తే విటమిన్ సి కొంత తగ్గుతుంది, కానీ ఆ ఎర్ర రంగు పదార్థం లైకోపీన్ ఒంటికి తేలిగ్గా అందుతుంది. అది నూనెలో కరిగే పదార్థం. టమాటా కూర పెట్టిన ప్లాస్టిక్ డబ్బాకి నారింజ మరక పట్టి ఎంత తోమినా పోదు కదా, అది లైకోపీనే! అందుకే జ్యూస్ ఒట్టి కడుపున కాకుండా, నూనె వేసి కాల్చిన పెసరట్టుతో పాటు తాగమన్నాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పొటాషియం సంగతి డాక్టర్ని అడక్కుండా రోజూ తాగకూడదు. బాబాయికి ఆ ఇబ్బంది లేదని రిపోర్టులు చూశాకే చెప్పాను.

మరి ఆలివ్‌లు? చెల్లి ప్రేమగా పంపింది, పారేయలేం. ఆరు తీసి, మంచినీళ్లలో గంటసేపు నానబెట్టి, నీళ్లు వంచేసి, సన్నగా తరిగి కీరా, ఉల్లిపాయ ముక్కల్లో కలిపాను. వేరే ఉప్పు వేయలేదు. బాబాయి తిని, "బాగానే ఉన్నాయే" అన్నాడు. ఆవకాయ ముట్టని రోజునే తినాలని సీసా మూత మీద చీటీ అంటించి వచ్చాను.